ఆకలి తెలిసిన ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య

పావగడ తాలూకాను మూడు పక్కలకు పైగా ఆంధ్రప్రదేశ్ పొలిమేరలే చుట్టుకొని ఉన్నాయి. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు పోయే బస్సుల్లో మాట తెలుగే. ఇంట్లో మాటా తెలుగే. పొలిమేరకు ఇటూ అటూ తినేది రాగి సంగటే, పడే కరువూ ఒకటే. పాలన మాత్రం బెంగళూరు నుంచి నడుస్తుంది, పిల్లల చదువు కన్నడంలో సాగుతుంది. అందువల్ల పొలిమేరకు అవతల పుట్టి, మన లాంటి వాళ్ల ఆకలి గురించి ఆలోచించిన నాయకుల కథలు మన పిల్లల దాకా పెద్దగా రావడం లేదు. అలాంటి వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు దామోదరం సంజీవయ్య.

ఈ దేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు ఆయన. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ గట్టున పార్కుకు, విశాఖపట్నంలో న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. పార్కు పేరు తెలిసినవారిలో చాలామందికి మనిషి కథ తెలియదు. భూమి లేని ఇంట్లో పుట్టి, పశువులు కాసి, రేషను కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, చివరికి లక్షల ఎకరాల బంజరు భూమిని పేదల పేరు మీద రాయించిన జీవితం అది.

పెద్దపాడు గుడిసె నుంచి

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పట్టణానికి దగ్గరలోని పెద్దపాడు గ్రామంలో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునయ్య. మాల కులం. సెంటు భూమి లేదు. నేత పని, కూలి పని ఆ ఇంటికి ఆధారం. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయారు. తల్లి పిల్లలను తీసుకొని పుట్టింటి వారి ఊరు పాలకుర్తికి వెళ్లింది. అక్కడ కొంతకాలం ఉండి మళ్లీ పెద్దపాడుకు చేరుకున్నారు. అన్న చిన్నయ్య కూలికి పోయి ఇల్లు నడిపాడు. తమ్ముడు పశువులు కాశాడు.

కర్నూలు, బళ్లారి, అనంతపురం జిల్లాలకు, పక్కనున్న మైసూరు సంస్థానానికి కరువు కొత్త కాదు. 1876 నుంచి 1878 వరకు, ధాతు, ఈశ్వర నామ సంవత్సరాల్లో వచ్చిన కరువులో ఒక్క మైసూరు సంస్థానంలోనే సుమారు పది లక్షల మంది చనిపోయారని అంచనా. అంటే అయిదుగురిలో ఒకరు. సంజీవయ్య పుట్టేనాటికి ఆ కరువును కళ్లారా చూసిన ముసలివాళ్లు ఊళ్లలో ఇంకా బతికే ఉన్నారు.

కరువులో ముందుగా చచ్చేది ఎవరన్నది ఆ ఊళ్లలో అందరికీ తెలుసు. వాన రాకపోతే రైతు చేను ఎండుతుంది. చేను ఎండితే కూలి పని ఆగిపోతుంది. అదే సమయంలో అంగట్లో గింజల ధర పెరుగుతుంది. రైతు ఇంట్లో పాతరలో కొంత జొన్నో కొర్రో ఉంటుంది. కూలివాడి ఇంట్లో పాతర ఉండదు. ఊళ్లో గింజలున్నా కొనే డబ్బు లేక అతను పస్తుంటాడు. చాలా ఏళ్ల తర్వాత, 1981లో, ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1943 నాటి బెంగాల్ కరువును పరిశీలించి ఇదే విషయాన్ని పుస్తకంగా రాశారు. అక్కడ చనిపోయినవారిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, జాలరులు, చేతిపనుల వాళ్లు. సంజీవయ్యకు ఈ లెక్క తన ఇంట్లోనే తెలిసింది.

చదువు

ఊళ్లో నాలుగో తరగతి దాకా, ఆ తర్వాత కర్నూలులో చదువు సాగింది. అన్న కూలి డబ్బు తమ్ముడి పుస్తకాలకు పోయింది. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పూర్తి చేసి, అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరారు. రాయలసీమ నాలుగు జిల్లాలకూ అప్పట్లో అదే పెద్ద కళాశాల. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి కూడా అక్కడి విద్యార్థే. పావగడకు దగ్గరలోని ఆ పట్టణంలోనే, లెక్కలు ప్రధాన విషయంగా తీసుకొని 1942లో సంజీవయ్య బి.ఏ. పట్టా అందుకున్నారు.

ఆ రోజుల్లో అంటరానితనం కళాశాల గేటు దగ్గర ఆగేది కాదు. హాస్టలు, భోజనం, అద్దె గది అన్నీ కులం చూసి దొరికేవి. అలాంటి కాలంలో ఒక దళిత కూలి ఇంటి పిల్లవాడు డిగ్రీ పూర్తి చేయడం జిల్లాలో మాట్లాడుకునే సంగతి. అయినా పట్టా చేతికి వచ్చాక ఉద్యోగం వెతుక్కుంటూ తిరగక తప్పలేదు.

రేషను గుమాస్తా

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. బర్మా జపాను చేతికి పోవడంతో అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. ధరలు పెరిగాయి. బెంగాల్లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. మద్రాసు ప్రెసిడెన్సీలో పట్టణాలకు రేషను పెట్టారు. కర్నూలులో రేషను నడపడానికి గుమాస్తాలను తీసుకున్నప్పుడు సంజీవయ్యకు అందులో చోటు దొరికింది.

చిన్న ఉద్యోగమే. కానీ ఆకలిని కాగితం మీద ఎలా రాస్తారో అక్కడ తెలుస్తుంది. ఏ ఇంట్లో ఎన్ని తలకాయలు, ఎవరికి ఎన్ని గింజలు, ఎవరి పేరు జాబితాలో ఉంది, ఎవరి పేరు లేదు అన్నదాని మీద ఒక ఇంటి పొయ్యి వెలగడం ఆధారపడి ఉంటుంది. గుమాస్తా కలం ఒక పేరు వదిలేస్తే ఆ ఇంట్లో ఆ పూట ఎసరు ఉండదు. పేదవాడికి ప్రభుత్వం అంటే ఢిల్లీలోనో మద్రాసులోనో ఉండే పెద్దలు కాదు, ఎదురుగా కూర్చున్న గుమాస్తా. ముఖ్యమంత్రి అయ్యాక అవినీతి నిరోధక శాఖను ఏర్పాటు చేసింది ఈ మాజీ గుమాస్తానే.

రేషను శాఖ పని అయిపోయాక తాత్కాలిక ఉద్యోగం చేశారు. తర్వాత మద్రాసు లా కళాశాలలో చేరారు. ఖర్చుల కోసం బడిలో లెక్కలు చెబుతూ 1948లో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

గంజి కేంద్రాల నాటి సీమ

1952లో తొలి సాధారణ ఎన్నికలు వచ్చాయి. కర్నూలు జిల్లా నుంచి మద్రాసు శాసనసభకు గెలిచిన సంజీవయ్యను రాజాజీ తన మంత్రివర్గంలోకి తీసుకున్నారు. అదే సమయంలో రాయలసీమలో వరుసగా వానలు తప్పాయి. ఊరూరా గంజి కేంద్రాలు తెరిచారు. ఎండిన బావులు లోతు చేయడానికి సైన్యాన్ని దింపారు. ప్రధాని నెహ్రూ వచ్చి కరువు ప్రాంతం చూసి వెళ్లారు. పొలిమేరకు ఇవతల మన వైపున్న ఊళ్లకూ ఆ ఏళ్లు గడ్డు ఏళ్లే.

గంజి కేంద్రం ప్రాణం నిలుపుతుంది. దాని పని అంతవరకే. కరువు పోయాక కూలివాడు మళ్లీ అదే స్థితిలో ఉంటాడు, తర్వాతి కరువుకు మళ్లీ అదే వరుసలో నిలబడతాడు. ఆ వరుసలో నిలబడ్డ వారిలో దళితులే ఎక్కువ ఎందుకంటే భూమి లేనివారిలో వారే ఎక్కువ. ఆ వరుసను తగ్గించాలంటే చేతిలో చేను ఉండాలన్నది సంజీవయ్య తర్వాతి పనుల్లో కనిపించే ఆలోచన.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆయన పుట్టిన గుడిసె రాజధాని పక్కనే ఉంది. ప్రకాశం పంతులు మంత్రివర్గంలో, తర్వాత బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి మంత్రివర్గాల్లో ఆయన వరుసగా మంత్రిగా ఉన్నారు. ముఖ్యమంత్రులు మారినా ఆయన స్థానం మారలేదు.

ముఖ్యమంత్రి పీఠం, బంజరు భూములు

1960 జనవరి 11న సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. వయసు ముప్పై ఎనిమిది. పెద్ద భూస్వాముల కులాలు పార్టీని, శాసనసభను శాసిస్తున్న కాలం అది. వారి మధ్య తగవు తీరక, ఎవరికీ ప్రమాదం కాని మనిషిగా ఆయనను కూర్చోబెట్టారని అనుకున్నవారు ఉన్నారు. ఆయన ఆ కుర్చీలో ఉన్నది రెండేళ్ల రెండు నెలలు మాత్రమే. ఆ కొద్ది కాలంలోనే భూమిలేని పేదలకు సుమారు ఆరు లక్షల ఎకరాల ప్రభుత్వ బంజరు పంచారు.

రెండెకరాల మెట్ట చేను ఒక కూలి ఇంటికి ఏమి చేస్తుందో మన తాలూకా వారికి విడమరచి చెప్పనక్కరలేదు. వాన పడిన ఏడాది రాగులో, కొర్రలో, వేరుశనగో వస్తాయి. ఏడాది పొడవునా సరిపోవు, కానీ కూలి దొరకని నెలల్లో పొయ్యి ఆరిపోకుండా కాపాడతాయి. మేకలు మేపుకోవడానికి చోటు దొరుకుతుంది. చేతిలో పట్టా ఉంటే సహకార సంఘంలో అప్పు అడగవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, కొడుకును జీతానికి పెట్టకుండా బడికి పంపే ధైర్యం వస్తుంది. పెద్ద రైతు కూలి తగ్గిస్తే రానని చెప్పగలిగే స్థితి వస్తుంది. ఊళ్లో మాట తేడా వచ్చినప్పుడు దళితవాడకు పని ఆపడం, అంగట్లో సరుకు ఆపడం మనకు తెలిసిన శిక్షలే. సొంత చేను ఉన్న వాడను ఆ శిక్షతో లొంగదీయడం కష్టం.

లోపాలూ ఉన్నాయి. పంచిన బంజరులో చాలా భాగం రాళ్ల గుట్టల పక్కన ఉన్నదే. నీళ్లు లేవు, ఎద్దులు లేవు, విత్తనాలకు డబ్బు లేదు. కొన్ని పట్టాలు కాగితం మీదే ఉండిపోయాయి. కొన్ని చిన్న అప్పుకు, పెళ్లి ఖర్చుకు మళ్లీ పెద్ద రైతుల చేతికి పోయాయి. ఇలా ఇచ్చిన భూములు అమ్మకూడదు, కొనకూడదు అనే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1977లో గానీ రాలేదు. ఆయన హయాంలోనే 1961లో వచ్చిన భూ పరిమితి చట్టం కూడా మెత్తటిదే. నేల రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చని అందులో రాశారు. అంత పరిమితి పెడితే మిగులు భూమి తేలదు. భూస్వాములే కూర్చున్న సభలో ఒక్క ముఖ్యమంత్రి చేయగలిగినదానికి హద్దు ఎక్కడ ఉందో ఆ చట్టం చూపిస్తుంది. తన చేతిలో ఉన్నది ప్రభుత్వ బంజరు. దాన్ని ఆయన పంచారు.

ముసలి తల్లుల పింఛను

ముఖ్యమంత్రి అయ్యాక కూడా తల్లి సుంకులమ్మ పెద్దపాడులోనే ఉండేది, మట్టి కుండలో కట్టెల పొయ్యి మీద వండుకొని తినేది. ఆయన మీద ఎవరో ఆస్తులు కూడబెట్టాడని ఫిర్యాదు చేస్తే, విచారించడానికి ఢిల్లీ నుంచి వచ్చిన మనిషి ఆ గుడిసెను, పొయ్యి ముందు కూర్చున్న ముసలి తల్లిని చూసి తిరిగి వెళ్లిపోయాడని కర్నూలు వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకో కథ కూడా చెప్పుకుంటారు. కొడుకు నెలనెలా డబ్బు పంపుతానంటే, నాకు నువ్వున్నావు, కొడుకు లేని ముసలివాళ్ల సంగతేమిటని ఆ తల్లి అడిగిందని, దాని నుంచే వృద్ధాప్య పింఛను ఆలోచన పుట్టిందని అంటారు. కథ ఎంతవరకు జరిగిందో గానీ పథకం మాత్రం వచ్చింది. దిక్కులేని వృద్ధులకు పింఛను 1960లో ఆయన ప్రభుత్వమే మొదలుపెట్టింది. అప్పటికి దేశంలో ఉత్తరప్రదేశ్ లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప అలాంటి పథకం లేదు. కూలికి పోలేని వయసులో, చూసేవారు లేని ఇంట్లో ఆకలి ఎలా ఉంటుందో తెలిసిన మనిషి వేసిన అడుగు అది. ఈరోజు పొలిమేరకు రెండు వైపులా ప్రతి ఊళ్లో నెలనెలా పింఛను కోసం ఎదురుచూసే అవ్వలు, తాతలు ఉన్నారు. దాని మొదలు ఎక్కడుందో వారిలో చాలామందికి తెలియదు.

సముద్రం అవతల కూడా ఇదే పోరు

సంజీవయ్య బంజరు పంచుతున్న రోజుల్లోనే అమెరికాలో నల్లజాతి ప్రజలు ఇదే ఆకలితో పోరాడుతున్నారు. మిసిసిపి రాష్ట్రంలో పత్తి చేలల్లో పాలుకు పనిచేసే కుటుంబంలో 1917లో పుట్టిన ఫానీ లూ హేమర్ కథ వింటే మన కథే అనిపిస్తుంది. ఆమె ఇరవై మంది సంతానంలో చివరిది. 1962లో ఓటు నమోదుకు వెళ్లినందుకు తోట యజమాని ఆమెను ఇంట్లో నుంచి వెళ్లగొట్టాడు. అదే ఏడాది చలికాలంలో మిసిసిపిలోని లెఫ్లోర్ కౌంటీలో నల్లవారు ఓటు అడిగారన్న కోపంతో తెల్ల అధికారులు పేదలకిచ్చే ప్రభుత్వ ఆహార సరుకులనే ఆపేశారు. ఆకలిని శిక్షగా వాడటం మన ఊళ్లకే పరిమితం కాదు.

1969లో హేమర్ తన కౌంటీలో నలభై ఎకరాలతో ఒక సహకార వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టింది. తర్వాత అది వందల ఎకరాలకు పెరిగింది. కూరగాయలు పండించి పేద ఇళ్లకు పంచారు. పందుల బ్యాంకు పెట్టారు. ఒక ఇంటికి చూలు పందిని ఇస్తారు, అది ఈనాక పిల్లల్లో కొన్ని తిరిగి బ్యాంకుకు ఇవ్వాలి, అవి ఇంకో ఇంటికి పోతాయి. అదే ఏడాది ఓక్లాండ్ నగరంలో బ్లాక్ పాంథర్ పార్టీ యువకులు బడికి పోయే పిల్లలకు ఉచితంగా పొద్దుటి టిఫిను పెట్టడం మొదలుపెట్టారు.

హేమర్‌కు ప్రభుత్వం చేతిలో లేదు, విరాళాలతో భూమి కొనవలసి వచ్చింది. డబ్బు చాలక 1970ల నడుమ ఆ క్షేత్రం చేజారిపోయింది. సంజీవయ్య చేతిలో ప్రభుత్వం ఉంది, సభలో బలం లేదు. ఇద్దరూ ఒకే చోటికి వచ్చారు. ఆకలిగొన్న జాతికి దానం చేసే చేయి ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు, తిండి పండే నేల తమ చేతిలో ఉండాలి.

ఢిల్లీలో, చివరి ఏళ్లు

1962 ఎన్నికల్లో సంజీవయ్య కోడుమూరు నుంచి గెలిచారు. ముఖ్యమంత్రి పదవి మాత్రం తిరిగి నీలం సంజీవరెడ్డికి పోయింది. అదే ఏడాది ఆయన అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. దళితుల నుంచి ఆ పదవికి చేరిన మొదటి మనిషి ఆయనే. 1964లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. 1965లో వానలు తప్పి, పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చి, అమెరికా గోధుమల కోసం దేశం ఎదురుచూస్తున్న కాలంలో ఆయన శాస్త్రి మంత్రివర్గంలోనే ఉన్నారు. ఫ్యాక్టరీ కార్మికులకు బోనసును హక్కుగా మార్చిన 1965 నాటి చట్టం ఆయన శాఖ నుంచే వచ్చింది. లాభం వచ్చినా రాకపోయినా కనీసం నాలుగు శాతం ఇవ్వాలని అప్పట్లో అందులో ఉండేది.

1971లో రెండోసారి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో ఢిల్లీలో గుండెపోటుతో చనిపోయారు. వయసు యాభై ఒకటి. భార్య కృష్ణవేణికి చెప్పుకోదగ్గ ఆస్తి ఏమీ మిగల్లేదు. కర్నూలు జిల్లాలో హంద్రీ నది మీద కట్టిన గాజులదిన్నె జలాశయానికి తర్వాత ఆయన పేరు పెట్టారు. మెట్ట సీమలో పుట్టిన మనిషికి నీళ్లతో కట్టిన గుర్తు అది.

పావగడలో ఈ జీవితం ఎందుకు గుర్తుండాలి

మన శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయినది. అంటే మన గొంతు విధానసౌధలో వినిపించే పని ఒక దళిత ప్రతినిధిదే. రేషను బియ్యం వస్తున్నాయి, పింఛను వస్తోంది. కానీ భూమి ప్రశ్న మన తాలూకాలో కొత్త రూపంలో వచ్చి కూర్చుంది.

తిరుమణి చుట్టుపక్కల అయిదు ఊళ్లలో సుమారు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు నడుస్తోంది. 2,050 మెగావాట్ల విద్యుత్తు అక్కడ తయారవుతోంది. భూమి అమ్మకుండా ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల లెక్కన కౌలుకిచ్చే పద్ధతితో పార్కు మొదలైంది. వేరుశనగ ఎండి అప్పుల పాలైన రైతుకు అది ఊపిరినిచ్చింది. అయితే కౌలు వచ్చేది పట్టా ఉన్నవాడికే. ఆ చేలల్లో కలుపు తీసి, కాయ ఒలిచి బతికిన కూలికి ఆ డబ్బులో వాటా లేదు. మేకలు మేపుకొనే చోటు కంచె లోపలికి పోయింది. బగర్ హుకుంలో ఏళ్ల తరబడి సాగు చేసి సాగువళి చీటీ అందని కుటుంబం కూడా కౌలు జాబితాలో ఉండదు. రేషను గుమాస్తా సంజీవయ్యకు తెలిసిన సంగతే ఇక్కడా వర్తిస్తుంది. జాబితాలో పేరు లేని ఇంటికి ఏమీ రాదు.

కర్నాటకలో దళితులకు ప్రభుత్వం ఇచ్చిన భూములను పరుల పాలు కాకుండా కాపాడటానికి 1978 చట్టం ఉంది. అలా చేజారిన భూమిని తిరిగి అడగడానికి గడువు అడ్డు కాకూడదని 2023లో ఆ చట్టాన్ని సవరించారు. తాత పేరు మీద మంజూరైన భూమి ఇప్పుడు ఎవరి పేరు మీద ఉందో తెలియని ఇళ్లు మన హోబళీల్లో చాలా ఉంటాయి. పాత మంజూరు పత్రం, పహణి తీసి చూసుకోవడం, అనుమానం ఉంటే తాలూకా కచేరీలో అర్జీ వేసుకోవడం ఆ ఇళ్లలో చదువుకున్న పిల్లలు చేయగల పని.

ఫిబ్రవరి 14 సంజీవయ్య జయంతి. ఆ రోజు మన ఊళ్లలో ఆయన పటానికి దండ వేసేవారు వేయవచ్చు. దానితో పాటు ప్రతి కాలనీలో భూమి లేని ఇళ్లెన్ని, సాగువళి చీటీ రాని ఇళ్లెన్ని, పింఛను ఆగిన ముసలివారెందరు అని ఒక జాబితా రాసి కచేరీలో ఇస్తే, అది ఆయన చేసిన పనిని కొనసాగించినట్టు అవుతుంది.